మార్తమ్మ కాపలా

ఉయ్యూరు దాటి కాలువ గట్టు వెంట కాస్త దూరం పోతే ఒక పాలెం వస్తుంది. డెబ్బైల మొదట్లో ఆ పాలెంలో ఎవరింట్లో ఏం జరిగిందో మార్తమ్మ చెప్తే తప్ప దేవుడికి కూడా తెలిసేది కాదని జనం నవ్వుతూ అనుకునేవాళ్లు. ఆమె మిషను వాళ్ల బైబిలు స్త్రీ. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పడం, జబ్బు పడ్డవాళ్ల మంచం పక్కన కూర్చోవడం, పురుళ్లకి వేణ్ణీళ్లు కాచడం, మొగుడూ పెళ్లాల తగాదాలు తీర్చడం, అన్నీ ఆమె పనులే. మిషను ఇచ్చే జీతం మాత్రం ఆమె చెప్పుల అరుగుదలకి సరిపోయేది.

గురువారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో కూటం జరిగేది. పాటలయ్యాక, వాక్యమయ్యాక మార్తమ్మ కొంగు తలమీదకి లాక్కుని, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేది. రేవు పక్కనున్న మొదటి ఇంటితో మొదలై వరసగా ప్రతి ఇల్లూ అందులో వచ్చేది. ఇంటాయన, ఇల్లాలు, పిల్లలు, కడుపులో ఉన్న పిల్ల, పరీక్ష తప్పిన కుర్రాడు, ఈనబోయే గేదె, ఒక్కరూ మిగిలిపోయేవాళ్లు కాదు. కాగితం మీద రాసుకోవచ్చు కదా అని ఎవరైనా అంటే ఆమెకి ఒళ్లు మండేది. "కాగితం చూసి పేర్లు పిలిస్తే అది రేషను షాపవుద్ది, ప్రార్థనెట్టా అవుద్ది?" అనేది. పిల్లలు తమ పేరు వచ్చేదాకా కళ్లు నులుముకుంటూ మేలుకుని ఉండి, రాగానే తల్లి ఒళ్లో ఒరిగిపోయేవాళ్లు. పెద్దవాళ్లు ఒరిగేవాళ్లు కాదు గాని ఎదురుచూపు వాళ్లదీ అదే.

ఒరిగిపోయే పెద్దమనిషి ఒకడుండేవాడు. అతడు మార్తమ్మ భర్త ఏసుపాదం. మొదటి పాట రెండో చరణానికే అతడి తల గోడకి ఆనేది. చక్కెర ఫ్యాక్టరీలో అతడికి పాన్ దగ్గర పని. చెరకు రసం పాకమై గింజ కట్టే పెద్ద పాత్రని పాన్ అంటారు. అక్కడ షిఫ్టు ఉన్నంతసేపూ రెప్ప వేయకుండా నిలబడే మనిషి, షిఫ్టు దిగాడంటే ఎక్కడ ఆనుకుంటే అక్కడే నిద్ర. ఒకసారి బెజవాడ నుంచి వస్తూ బస్సులో నిలబడే నిద్రపోయి, ఉయ్యూరు దాటిపోయిన సంగతి తెలియక బందరులో లేచాడు. ఒకప్పుడు క్షయ వచ్చి, బతుకుతాడో లేదో అనిపించి, సూదులు పొడిపించుకుని బాగుపడ్డవాడు. ఆ బాగుపడటం సంపూర్ణంగా జరిగిందనడానికి అతడి గుర్రే సాక్ష్యం. అది నాలుగిళ్ల అవతలికి వినిపించేది.

కూతుళ్లిద్దరికీ పెళ్లిళ్లయ్యాయి. ఇంట్లో ఇద్దరే. అందుకే మార్తమ్మలో తేడా మొదట ఏసుపాదానికే కనిపించింది. పప్పులో ఉప్పు రెండుసార్లు పడేది, మర్నాడు అసలు పడేది కాదు. పొద్దున చెప్పిన మాటే మధ్యాహ్నం కొత్తగా చెప్పేది. పక్కింట్లో పుట్టిన పిల్లకి పేరు పెట్టిన కూటంలో తానే ముందుండి నడిపించి, ఇంటికొచ్చాక "ఆ పిల్లకేం పేరు పెట్టార్రా దేవుడా" అని నెత్తి పట్టుకునేది. ఊరికే విసుక్కునేది కూడా. ఏసుపాదం నవ్వేసేవాడు. అతడికి ప్రతిదానికీ నవ్వే మందు.

ఒకనాడు ఆ నవ్వు మధ్యలో ఆమె చేటలో బియ్యం పక్కన పెట్టి అతడి మొహంలోకి చూసింది.

"మా అమ్మ ఆఖర్లో ఎట్టా అయిపోయిందో మీకు గుర్తుందా?"

గుర్తుంది. కన్న కూతుర్ని పట్టుకుని "ఎవరి పిల్లవే నువ్వు, పొద్దుపోయింది, ఇంటికి పో" అనేది ఆ ముసలావిడ.

"నాకూ అదే వస్తంటే మీరు దాచొద్దు. నాకు ముందే చెప్పండి. పేర్లు మర్చిపోయే మనిషి బైబులమ్మగా ఉండకూడదు" అంది.

ఏసుపాదానికి ఆ పూట నవ్వు రాలేదు.

సంక్రాంతి వెళ్లాక, చెరకు బళ్లు రోడ్డంతా బారులు తీరే రోజుల్లో, బండి తోలే సొలొమోనుకి కామెర్లు వచ్చాయి. వాళ్లిల్లు మార్తమ్మ ఇంటికి వెనక వరసలోనే. వయసులో ఉన్నవాడు, ఇద్దరు చిన్నపిల్లల తండ్రి. మార్తమ్మ ప్రతి కూటంలోనూ అతడి పేరు దగ్గర ఆగి, గొంతు పెంచి, "మంచం మీదున్న నీ బిడ్డని లేవనెత్తు ప్రభువా" అని అడిగేది. ప్రభువు లేవనెత్తలేదు. సొలొమోను పోయిన పూట అతడి భార్య రూతుని పట్టుకుని కూర్చున్నది మార్తమ్మే. శవానికి చొక్కా తొడిగించిందీ, సమాధి దగ్గర పిల్లల చేత పిడికెడు మన్ను వేయించిందీ ఆమే.

చావు జరిగిన ఇంట్లో ఆదరణ కూడిక పెడతారు. ఆ గురువారం రూతు ఇంట్లో పెట్టారు. పాలెమంతా వచ్చింది. మార్తమ్మ కొంగు కప్పుకుని రేవు దగ్గర ఇంటితో మొదలుపెట్టింది. వరసగా పేర్లు వస్తున్నాయి, గొంతు హాయిగా సాగుతోంది, రూతు ఇల్లు వచ్చింది.

"ప్రభువా, మంచం మీదున్న నీ బిడ్డ సొలొమోనుని లేవనెత్తు. వచ్చే ఆదివారం తన కాళ్ల మీద తను నడిచి గుడికి వచ్చేట్టు చెయ్యి."

ఎవరూ ఆమెన్ అనలేదు. నిద్రలో ఉన్న ఏసుపాదానికి కూడా ఆ నిశ్శబ్దం తగిలి మెలకువ వచ్చింది. మార్తమ్మ కళ్లు తెరిచి ఎందుకందరూ తనవైపు చూస్తున్నారో తెలియక అటూ ఇటూ చూసింది. మూలన తెల్ల చీరలో ఉన్న రూతు కనిపించింది. అప్పుడు తెలిసింది ఆమెకి. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

సంఘ పెద్ద అబ్రహాము గారికి ఎదుటివాళ్ల తప్పు దొరికితే ఆ రోజు పండగే. "చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యటం మన బోధలో లేదు గదమ్మా" అన్నాడు, ఆ ఇంట్లో, ఆ పిల్లల ముందు. రూతు పిల్లల్ని తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

పాస్టరు కృపానందం గారు మంచివాడు. మర్నాడు ఇంటికి వచ్చి, ఇచ్చిన మజ్జిగ తాగి, చాలాసేపు చెరకు గురించి మాట్లాడి, చివరికి అసలు సంగతికొచ్చాడు. "ఈస్టరు దాకా విశ్రాంతి తీసుకోండమ్మా. అప్పటికీ ఇలాగే ఉంటే బైబిలు స్కూలు నుంచి ఎవరినైనా పిలిపిద్దాం. మీరు తప్పు చేశారని కాదండీ." మార్తమ్మ తల ఊపింది. ఆయన వెళ్లాక గోడకి ఆనుకుని కూర్చుని, "అమ్మ జబ్బేనండీ. ఇంక దాచటానికేముంది" అంది.

ఏసుపాదం సెలవు పెట్టి ఆమెని బెజవాడ తీసుకెళ్లాడు. గవర్నరుపేటలో ఒక మేడ మీద డాక్టరు వెంకటకృష్ణారావు గారు నరాల జబ్బులు చూసేవారు. ఆయనది కంకిపాడు వైపు వ్యవసాయం ఇల్లు. మాట తొందర లేని మనిషి. సొలొమోను ప్రార్థన సంగతీ, మార్తమ్మ తల్లి సంగతీ ముందు అంతా విన్నారు. మార్తమ్మ చేత చిన్నప్పటి టీచర్ల పేర్లు చెప్పించారు. ఏదైనా వచ్చింది చెప్పమంటే ఆమె పొడవాటి కీర్తన ఒకటి ఒక్క మాట పోకుండా అప్పజెప్పింది. పొద్దున ఏం తిన్నారమ్మా అంటే మాత్రం మొగుడి వంక చూసింది.

"నిద్ర పడుతుందా?" అన్నారు డాక్టరు.

మార్తమ్మ నోరు తెరిచేలోపు ఏసుపాదం అందుకున్నాడు. "బాగానే పడుద్దండి."

"మీరు చూశారా?"

ఏసుపాదం ఆలోచించాడు. చూడలేదు. తను కళ్లు మూసేటప్పటికి ఆమె ఏదో పనిలో ఉండేది. తను కళ్లు తెరిచేటప్పటికి లేచి ఉండేది. మధ్యలో ఎప్పుడో పడుకునే ఉంటుందని ఇన్నేళ్లూ అనుకున్నాడు, అంతే.

డాక్టరు ఆమె వైపు తిరిగి ఊరుకున్నారు. ఆయన ఊరుకోవడంలో ఏముందో గాని మార్తమ్మ చెప్పేసింది.

"ఈయన జబ్బు తగ్గి ఇంటికొచ్చారు గదండీ. అప్పట్నుంచీ నాకు సరిగ్గా పట్టదు. గుర్రు వినపడుతుంటే పర్లేదు, ఊపిరాడుతుందని ధైర్యం. అది ఆగిందంటే గుండె ఝల్లుమంటది, లేచి చూస్తాను. మళ్లీ మొదలవుద్దని కూర్చుంటాను. ఈయన డ్యూటీకెళ్తే ఒచ్చేదాకా చూస్తాను."

ఏసుపాదం ముందు ఆమెనీ, తర్వాత నేలనీ చూశాడు. నాలుగిళ్లు నవ్వుకున్న తన గుర్రుని ఆమె ఇన్నేళ్లుగా అలా వింటోందని అతడికి తెలియదు. ఆ నిమిషంలో సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇంట్లో ఇద్దరి నిద్రా తానొక్కడే పోయాడు.

"చూడమ్మా," అన్నారు డాక్టరు. "కళ్లంలో ధాన్యం నూరుస్తాం. దాన్ని ఇంటికి మోసి గాదెలో పోస్తేనే అది మనది. కళ్లంలోనే వదిలేస్తే పిట్టలు తింటాయి, గాలికి పోతుంది. పగలు మనం చూసిందీ విన్నదీ కళ్లంలో ధాన్యం లాంటిది. నిద్రపోయినప్పుడు మెదడు దాన్ని లోపలికి మోసుకుపోతుంది. మీరు దానికి టైమే ఇవ్వట్లేదు. మాట నాలిక చివర ఆగిపోవటం, చేసిన పనే మళ్లీ చెయ్యటం, ఊరికే కోపం రావటం, అన్నీ అందుకే. ఆ సొలొమోను పోయిన సంగతి మీరు మర్చిపోలేదు. అది అసలు లోపలికే రాలేదు."

"మరి మా అమ్మ?"

"ఆవిడ మీ పేరే మర్చిపోయారన్నారు. అది గాదెకి చిల్లు పడటం. మీ గాదె బాగానే ఉంది, ఇందాక కీర్తన విన్నాంగా. రేపెలా ఉంటుందో నేను రాసివ్వలేను. కాని ఇన్నేళ్లు నిద్ర లేకపోతే నాకైనా ఇలాగే అవుతుంది. ముందు నిద్రపోండి, తర్వాత మాట్లాడదాం." మాత్రలు రాసి, కాగితం ఏసుపాదం చేతికిస్తూ అన్నారు, "ఇవి కళ్లు మూయిస్తాయి. ఆవిడ కాస్తున్న కాపలా మాన్పించలేవు. అది మీరు చూసుకోండి."

తిరుగు బస్సులో ఏసుపాదానికి సీటు దొరికింది. అయినా నిద్ర పట్టలేదు. అతడి జన్మలో అలా జరగడం అదే మొదలు.

మాత్ర వేసుకున్న రోజు మార్తమ్మ మొద్దులా పడుకుని, లేచాక ఉలిక్కిపడి అతడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తల బరువుగా ఉందని, మళ్లీ ముట్టుకోనంది. ఏసుపాదం తనకి తోచిన వైద్యాలన్నీ చేశాడు. నెత్తికి ఆముదం పెట్టాడు. గసగసాలు నూరి పాలల్లో కలిపిచ్చాడు. నా గుర్రు వల్లే కదా అని మంచం ఎత్తుకుపోయి పక్కింటి పంచలో పడుకుంటే, గుర్రు ఆగినప్పుడు ఊపిరి అసలే వినిపించక ఆమె ఇంకా బెంబేలెత్తి అక్కడికే వచ్చి కూర్చుంది. ఎక్స్‌రే తీయించి చూపించాడు. ఆమె దాన్ని వెలుగుకి పట్టి శ్రద్ధగా చూసి, "బాగుందండీ" అని లోపల పెట్టి, మళ్లీ మేలుకునే ఉంది. ఈస్టరు దగ్గర పడుతోంది. ఆమె బజారులో కనిపించిన వాళ్లని పలకరించడం మానేసింది. పేరు తప్పుతుందేమోనని భయం.

చెరకు సీజను చివర్లో ఒక మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకి ఏసుపాదం స్థానంలోకి రావాల్సిన రిలీవరు రాలేదు. పాన్ దగ్గర ఒక కట్టుబాటు ఉంది. రిలీవరు వచ్చి, గాజు పలక మీద గింజ చూసి, పాకం ఏ స్థితిలో ఉందో చెప్పించుకుని, "ఇక నాది" అనేదాకా ఎవడూ పాన్ వదలకూడదు. ఇల్లు కాలుతోందన్నా వదలకూడదు. ఏసుపాదం కాళ్లు పీకుతున్నా వాల్వు మీద చెయ్యి తియ్యకుండా నిలబడ్డాడు. నిద్ర జాడ కూడా లేదు. రిలీవరు ఆయాసపడుతూ వచ్చి, గింజ చూసి, "ఇక నాది బావా" అన్నాడో లేదో, ఏసుపాదం కళ్లు వాలిపోయాయి. సైకిలు స్టాండు దాకా నడవడమే కష్టమైంది.

సైకిలు తాళం తీస్తూ ఆగిపోయాడు. మార్తకి రిలీవరు రాలేదు. ఇన్నేళ్లలో ఎవరూ ఆమె దగ్గరికి వచ్చి ఇక నాది అనలేదు. జబ్బు తగ్గిపోయిందని డాక్టర్లన్నారు, తానన్నాడు, ఎక్స్‌రే అంది. చార్జి మాత్రం ఎవరూ తీసుకోలేదు.

ఇంటికి వెళ్లి, కాళ్లు కడుక్కుని, ఆమె ముందు నిలబడ్డాడు.

"మార్తా, రిలీవుకొచ్చా. చార్జి ఇవ్వు."

"ఏం చార్జి? ఎండదెబ్బ తగిలిందా ఏవిటి?"

"నా ఊపిరికి కాపలా కాస్తన్నావు గదా. అది. నాకు అప్పజెప్పు. ఎట్టా కాయాలో చెప్పు."

మార్తమ్మ నవ్వబోయి, అతడు నవ్వకపోవడం చూసి మానేసింది. మంచం మీద కూర్చుంది. చిన్నపిల్లకి వంట నేర్పుతున్నట్టు మెల్లగా చెప్పసాగింది.

"ఎడం పక్కకి తిరిగితే గుర్రు ఆగుద్ది. ఆగిందని కంగారు పడకూడదు, కాసేపు చూడాలి. పొడి దగ్గయితే పర్లేదు. తడి దగ్గయితే దీపం పెట్టి కొంగు చూడాలి, ఎర్రగా ఉందేమోనని."

"ఎవరి కొంగు?"

"నాదే. మీరు మూతి తుడుచుకునేది దానికేగా. తెల్లారగట్ల చెమట పడితే వీపు తుడవాలి, మీకు తెలీకుండా. చెయ్యేసి చూస్తే లేస్తారు. అందుకని ముక్కు దగ్గర వేలు పెట్టి చూడాలి, తగలకుండా."

ఏసుపాదం ప్రతి మాటా తిరిగి ఆమెకి అప్పజెప్పాడు, ఫ్యాక్టరీలో చేసినట్టే. తనని ఇంతగా ఎవరో చూసుకున్నారన్నది భరించడం కష్టంగా ఉంది.

"ఇంకేవన్నా ఉందా?"

"అంతే."

"అయితే ఇక నాది. పడుకో."

"మీరు నిద్రపోతారు" అంది అనుమానంగా.

"పాన్ దగ్గర ఎప్పుడన్నా పోయానా?"

అది నిజమే. మార్తమ్మ కొంగు సర్దుకుని మంచం మీద ఒరిగింది. ఏసుపాదం పీట లాక్కుని ఆమెకి కనిపించేట్టు కూర్చున్నాడు. తన ఊపిరి ఆమెకి వినపడేట్టు కాస్త గట్టిగానే వదిలాడు. ఆమె రెండు మూడుసార్లు కళ్లు తెరిచి చూసింది. తర్వాత తెరవలేదు. నోరు కొద్దిగా తెరుచుకుంది, సన్నగా గుర్రు కూడా మొదలైంది. ఇన్నేళ్ల కాపురంలో భార్య గుర్రు వినడం అతడికి అదే మొదటిసారి. గుమ్మంలోకి ఎవరొచ్చినా చెయ్యి ఊపి పంపేశాడు. అబ్రహాము గారినైతే గుమ్మం దాకా కూడా రానివ్వలేదు. పొద్దు గుంకింది, మళ్లీ పొడిచింది. అతడు పీట మీదే ఉన్నాడు.

ఒక్కరోజుతో అయిపోలేదు. కొన్నిసార్లు చార్జి ఇచ్చి కూడా మేలుకునేది. కాని సీజను ముగిసి ఫ్యాక్టరీ ఆగాక ఏసుపాదానికి వేరే పని లేదు. రోజూ చార్జి తీసుకున్నాడు. పప్పులో ఉప్పు కుదిరింది. చెప్పిన మాట మళ్లీ చెప్పడం తగ్గింది. విసుగూ తగ్గింది.

ఒక ఉదయం ఆమె తనంతట తానే రూతు ఇంటికి వెళ్లింది. ఏసుపాదం వెనకే వెళ్లి పంచలో నిలబడ్డాడు.

"రూతూ, సొలొమోను పోయిన రోజు నేను నీ పక్కనే ఉన్నానంట. నాకు పొగలో చూసినట్టుంది తప్ప ఇంకేం లేదు. నువ్వు చెప్పవే. ఈసారి ఉంచుకుంటాను."

రూతు చాప వేసి ఆమెని కూర్చోబెట్టింది. తర్వాత చెప్పింది. ఏ చొక్కా తొడిగారో, చిన్నవాడు మన్ను వెయ్యనని ఎలా పేచీ పెట్టాడో, మార్తమ్మ వాణ్ని ఎత్తుకుని ఏం చెప్పిందో. ఒక్కొక్క మాటకీ మార్తమ్మ తల ఊపుతూ, కళ్లు తుడుచుకుంటూ వింది.

ఈస్టరు వెళ్లాక గురువారం కూటం మార్తమ్మ ఇంట్లోనే పెట్టారు. ప్రార్థన ఆమెనే చెయ్యమన్నారు కృపానందం గారు. ఏసుపాదం ఆ రోజు మొదటి పాటకి గోడకి ఆనుకోలేదు. రేవు దగ్గర ఇల్లు వచ్చింది. పక్కిల్లు వచ్చింది, అక్కడి పసిపిల్ల పేరు తడబాటు లేకుండా వచ్చింది. రూతు ఇల్లు దగ్గర పడుతుంటే జనం ఊపిరి బిగబట్టారు.

"ప్రభువా, నీ బిడ్డ రూతుని, ఆమె ఇద్దరు పిల్లల్ని నీ చేతుల్లో పెట్టుకో."

"ఆమెన్" అన్నాడు అబ్రహాము గారు అందరికంటే గట్టిగా. కృపానందం గారి మొహం విప్పారింది. ఏసుపాదానికి లేచి గంతెయ్యాలనిపించింది. అంతలో రూతు ఏడుపు వినిపించింది. చావు నాడు కూడా అలా ఏడవలేదు ఆ పిల్ల. సొలొమోను తన కాళ్ల మీద తను లేచి నడవాలని దేవుణ్ని అడిగే మనిషి పాలెంలో మొన్నటిదాకా ఒక్కరన్నా ఉండేవారు. ఇప్పుడు ఆమె కూడా అడగలేదు.

మార్తమ్మ కళ్లు తెరిచింది. తర్వాతి ఇంట్లోవాళ్ల పేర్లు ఆమెకి తెలుసు, ఆ పై ఇంటివాళ్లవీ తెలుసు. కాని చెప్పలేదు. లేచి వెళ్లి రూతు పక్కన చాప మీద కూర్చుని, ఆ పిల్ల తలని తన భుజానికి ఆనించుకుంది. పిల్లలు కళ్లు నులుముకుంటూ తమ పేర్ల కోసం కాసేపు చూసి, ఉన్నచోటే నిద్రపోయారు. ఆ వారం ప్రార్థనలో మిగిలిన ఇళ్లు రాలేదు, ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు.